ఏటి ఒడ్డున పేలాల్సిన తూటా

మా ఊళ్ళో ఎవరైనా పోతే, చితికి నిప్పు పెట్టేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించరు. ఈ పద్ధతి చాలా ఊళ్ళలో ఉన్నదే. మా ఊరికున్న చిక్కు వేరు. ఊరికీ ఏటికీ మధ్య ఒక పెద్ద మెట్ట అడ్డంగా ఉంది. శ్మశానం ఆ మెట్టకి అవతల, ఏటి ఒడ్డున. మగవాళ్ళంతా శవంతో వెళ్ళిపోతారు. అక్కడ నిప్పు పెట్టారో లేదో, పొగ లేచిందో లేదో, ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళకి కనబడదు. అందుకని ఏనాటిదో ఒక ఏర్పాటు ఉంది. నిప్పు అంటుకోగానే ఏటి ఒడ్డున తుపాకీ ఒక్కసారి పేలుస్తారు. ఆ చప్పుడు మెట్ట దాటి వస్తుంది. అది విన్నాక పొయ్యిలు ముట్టిస్తారు.

ఆ తుపాకీ మా ఇంట్లోది. ఒంటి గొట్టం తుపాకీ. చెరకు తోటల మీద పడే అడవి పందుల కోసం మా తాత లైసెన్సు తీసుకున్నాడు. ఆయన తర్వాత అది నాన్న పేరు మీదకి వచ్చింది. గజపతినగరం దాటి లోపలికి వెళ్తే కొండవార ఉంటుంది మా ఊరు. పందులకి మా పొలాలంటే పెళ్ళి భోజనం. నాన్న వాటిని చంపిన దాఖలా నేనైతే చూడలేదు. మంచె మీద కూచుని ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు, అవి పారిపోయేవి, రెండు రోజులాగి మళ్ళీ వచ్చేవి. పందులకీ నాన్నకీ మధ్య అదొక ఒప్పందంలా సాగిపోయింది. కానీ చావుకి పేల్చే తూటా దగ్గర మాత్రం నాన్న వేరే మనిషి. ఆ రోజు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా తుపాకీ భుజాన వేసుకుని శవం వెనకాల నడిచేవాడు. పోయినవాడు మాకు పడనివాడైనా సరే వెళ్ళేవాడు. గట్టు తగాదాలో మా మీద కోర్టుకెక్కిన ఒక పెద్దమనిషి చనిపోతే కూడా నాన్నే వెళ్ళి పేల్చి వచ్చాడు. వాళ్ళింట్లో ఆ రోజు ఎవరూ నాన్నని పిలవలేదు, వద్దని కూడా అనలేదు.

నేను విజయనగరం కోడల్ని. పోస్టాఫీసు కౌంటర్లో ఉద్యోగం. సెల్‌ఫోన్లు వచ్చాక ఒకసారి అమ్మతో అన్నాను, ఇంకా ఈ తుపాకీ ఎందుకు, నిప్పు పెట్టగానే ఎవరో ఒకరు ఫోను చేసి చెబితే సరిపోతుంది కదా అని. అమ్మ నన్ను అదోలా చూసింది. ఫోను ఒకరికి వస్తుంది, చప్పుడు ఊరంతటికీ వస్తుంది అంది.  ఓడిపోవడం నాకు అలవాటు లేదు గనక, సరేలే నీతో ఎవరు వాదిస్తారు అని లేచి వచ్చేశాను.

తూటాలు దాచే పని అమ్మది. తడి తగిలితే మందు పాడవుతుందని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పొడి బియ్యం పోసి వాటి మధ్య పెట్టేది. తుఫాను ఏడాది వంటింటి పైకప్పు లేచిపోయి ఆ డబ్బాలోకి నీళ్ళు వెళ్ళాయి. బియ్యం ఉబ్బిపోయింది. అమ్మా నాన్నా కలిసి ఆ తూటాల్ని చేటలో పోసి వడియాల్లా ఎండబెట్టారు. నేను చూసి నవ్వాను. నవ్వినందుకు ఇప్పుడు బాధేమీ లేదు, చూస్తే ఎవరికైనా నవ్వొచ్చే సంగతే.

ఆ ఎండబెట్టిన తూటాలతోనే కొన్నేళ్ళు నడిచింది. తర్వాత మా వీధిలో ఒక ముసలామె పోయింది. నాన్న ఏటి ఒడ్డున ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. డబ్బాలో మిగిలిన చివరిది పేలింది. ఆ కాస్తసేపూ అక్కడున్న మగవాళ్ళంతా తలలు వంచుకుని నిలబడ్డారట. నాన్న ఇంటికి వచ్చి స్నానం చేసి, అన్నం దగ్గర కూచుని, తినకుండా లేచిపోయాడు. ఆమెని దారిలో నిలబెట్టేశాను అన్నాడట అమ్మతో. ఆయన బాధ ముసలామె గురించి. తన పరువు గురించి కాదు.

కొత్త తూటాలు కొనాలి కొనాలి అనుకుంటూనే ఉన్నాడు. ఈలోగా ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. పక్షవాతం. విజయనగరం ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచాం. మాట కొంచెం ముద్దగానైనా తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వెయ్యగలిగాడు. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టిన చోటే ఉండిపోయింది. గుండె కూడా బలహీనపడిందని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నేనా సంగతి తమ్ముడికి చెప్పాను, అమ్మకి చెప్పలేదు. అమ్మకి తెలుసునని తర్వాత తెలిసింది.

ఇంటికి తీసుకొచ్చాక ఒక రోజు నాన్న మమ్మల్నిద్దర్నీ మంచం దగ్గరికి పిలిచాడు. పొలం గురించో, అమ్మ గురించో చెబుతాడనుకున్నాను. లైసెన్సులో తమ్ముడి పేరు కూడా తుపాకీ వాడే మనిషిగా ఎప్పుడో రాయించానని గుర్తు చేశాడు. తర్వాత అన్నాడు.

"ఊరందరికీ నాను పేల్సినాను. నాకోటి ఉండాల కదా. డబ్బాలో ఒక్కటీ నేదు. తెచ్చి ఎట్టండి."

తమ్ముడు తల ఊపి బయటకి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంకా బాగుపడాల్సిన మనిషి ఇవేం మాటలని గట్టిగానే అన్నాను. నాన్న చిన్నగా నవ్వి, బాగుపడితే పందులకి పనికొస్తాయి కదా అన్నాడు. ఆయనతో వాదించడమూ కష్టమే.

మా తమ్ముడికి ఫోనంటే అపారమైన నమ్మకం. చౌకగా నెట్టు వచ్చిన దగ్గర్నుంచీ వాడు సంతకి వెళ్ళడం మానేశాడు. టార్చిలైటు ఫోన్లో, మందు కొట్టే పంపు ఫోన్లో, అమ్మకి చెప్పులు కూడా ఫోన్లో. ఆ చెప్పుల్లో అమ్మ పాదాలు రెండూ ఒకేదాన్లో పట్టేవి. తూటాలు కూడా ఫోన్లోనే తెప్పిస్తానన్నాడు. పార్శిల్లో మందుగుండు రాదని నేను రోజూ కౌంటర్లో జనానికి చెప్పే మాటే వాడికీ చెప్పాను.

"అప్పా, నీకు తెల్దు. ఫోన్లో దొరకనిదేటున్నాది? బొమ్మతో సహా ఉన్నాది సూడు," అని తెర నా ముఖం ముందు పెట్టాడు.

నిజంగానే ఉంది బొమ్మ. ఎర్రటి ఒళ్ళు, ఇత్తడి అడుగు, అచ్చం తూటాలే. మా తుపాకీ కొలత కూడా రాసి ఉంది. కింద ఇంకేదో చాలా ఇంగ్లీషులో ఉంది. నేను కళ్ళజోడు తెచ్చుకోలేదు, వాడు అంత దూరం చదవలేదు. ఆర్డరు పెట్టేశాడు. పార్శిలు వచ్చిన రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. వాడు దాన్ని నాన్న మంచం మీదే విప్పాడు. పిల్లాడు పరీక్ష పాసైన కాగితం చూపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది వాడి ముఖం.

నాన్న ఒకటి ఎడమ చేత్తో తీసుకున్నాడు. అరచేతిలో పెట్టి అలా ఉంచాడు. చెవి దగ్గర ఆడించాడు. మూతి వాసన చూశాడు. నాకు అప్పుడే అర్థమైంది. తమ్ముడికి ఇంకా కాలేదు. వాడు నాన్న ముఖంలోకే చూస్తున్నాడు.

దీంట్లో మందూ లేదు, గుళ్ళూ లేవురా అన్నాడు నాన్న నెమ్మదిగా. తుపాకీ పట్టడం నేర్చుకునేవాళ్ళ కోసం చేస్తారు కాబోలు, బాగున్నాయి, రంగు కూడా బాగుంది అన్నాడు. కోప్పడలేదు. దాన్ని తిరిగి పెట్టెలో పెట్టి, మూత వెయ్యడానికి రెండో చెయ్యి రాక, అలా వదిలేశాడు. తమ్ముడు మూత వేసి, పెట్టె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. నేను రెండు మాటలు అందామని వెనకాలే వెళ్ళాను. వాడు గడ్డివాము పక్కన నిలబడి ఏడుస్తున్నాడు. నాలుగు పదుల వయసు దాటిన మగాడు. వెనక్కి వచ్చేశాను. నాన్న పోతాడన్న సంగతి నాకంటే వాడు ముందు ఒప్పుకున్నాడు. అందుకే అంత తొందరపడి తెప్పించాడు. నేను కోపంతో ఆ సంగతిని ఇంకా వాకిట్లోనే నిలబెట్టి ఉంచాను.

ఇక విజయనగరం షాపే దిక్కు. కోట దగ్గర సందులో ఉండేది. తాత కాలం నుంచీ మా తూటాలు అక్కడివే. లైసెన్సు ఉన్న మనిషి స్వయంగా రావాలంటాడు షాపాయన. మా తమ్ముడు తన పేరున్న లైసెన్సుతో వెళ్తే ఇచ్చేవాడేమో, కానీ నాన్న తానే వస్తానని పట్టుబట్టాడు. చెరకు కొట్టుడు అయిపోయిన రోజులు. ఆటో మాట్లాడి, వెనక సీట్లో దిండ్లు వేసి, అటు తమ్ముడూ ఇటు నేనూ పట్టుకుని తీసుకెళ్ళాం. నాన్న దారంతా బయటకి చూస్తూనే ఉన్నాడు. గజపతినగరం సెంటర్లో టీ కావాలన్నాడు. టీ తాగించి, మూతి తుడిచి, మళ్ళీ బయల్దేరాం.

షాపు మెట్లు ఎత్తు. నాన్న ఎక్కలేడు. సంగతి చెబితే షాపాయనే దిగి ఆటో దగ్గరికి వచ్చాడు. ఆయనా ముసలివాడే. నాన్న కుడి చెయ్యి చూసి, ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ వయసు గురించీ, బీపీ గురించీ, ఎవరెవరు పోయారన్నదాని గురించీ మాట్లాడుకున్నారు. ఈమధ్య ఎవరూ రావడం లేదని షాపాయన అన్నాడు. పిల్లలు వచ్చి గాజు బీరువాలో ఎయిర్‌గన్ చేత్తో పట్టుకుని చూసి, ఫోటో తీసుకుని, ఫోన్లో కొనుక్కుంటారట. మా తమ్ముడు రోడ్డు వైపు చూడసాగాడు.

నాన్న తూటాలు కావాలన్నాడు. షాపాయన లైసెన్సు తీసుకుని, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు, చేలో ఏముందని.

"ఏటీ నేదు బాబూ. సెరుకు కొట్టీసినాం. ధాన్యం ఇంటికొచ్చీసింది," అన్నాడు నాన్న.

షాపాయన మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. నాన్న వైపు చూశాడు. ఒళ్ళో పడి ఉన్న కుడి చెయ్యి చూశాడు. తర్వాత నన్ను ఒకసారి లోపలికి రమ్మన్నాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది, నూనె వాసన, దుమ్ము. కూచోమన్నాడు గానీ నేను కూచోలేదు.

"అమ్మా, ఏమీ అనుకోకు. చేను ఖాళీగా ఉన్న మనిషి తూటాలడిగితే నేనివ్వను. ఒకాయనకి ఒకసారి ఇచ్చాను. ఆయన్ని అడగాల్సింది, అడగలేదు. ఆ ఇంటి వైపు మళ్ళీ వెళ్ళలేకపోయాను."

ఆయన భయం ఏమిటో నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముందు కోపం వచ్చింది, మా నాన్న గురించి అలా అనుకుంటాడా అని. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇంత పెద్ద ఊళ్ళో, ఇన్ని కొట్లలో, మా నాన్న బతికి ఉండాలని అమ్మకం ఆపేసిన మనిషి ఈయనొక్కడే కదా అనిపించింది. ఫోను ఏ ప్రశ్నా వెయ్యలేదు. బొమ్మ నొక్కగానే పంపించేసింది. ఫోన్ని తిట్టే అర్హత నాకు లేదు, నా చీరలు సగం దాంట్లోంచి వచ్చినవే. కానీ చేలో ఏముందని అది అడగదు.

మా ఊరి పొయ్యిల సంగతి ఆయనకి చెప్పాను. ఇన్నేళ్ళుగా తూటాలు అమ్ముతున్నా ఆయనకి అది తెలియదట. పందులకే అనుకున్నాడు. మళ్ళీ ఆటో దగ్గరికి వచ్చి, నాన్ననే అడిగాడు. నాన్న సిగ్గుపడుతూ చెప్పాడు, పెళ్ళిచూపుల్లో పిల్లాడిలాగ. షాపాయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. లోపలికి వెళ్ళి రాయాల్సింది రాసి, తూటాలు తెచ్చి, ఒక్కొక్కటీ నాన్న చేతిలో పెట్టాడు. నాన్న వాటి బరువు చూసి పెట్టెలో వేయించాడు. షాపాయన చివరికి, మీరు ఇవన్నీ పందులకే కాల్చాలి, మళ్ళీ కొనడానికి రావాలి అన్నాడు. వస్తానన్నాడు నాన్న.

తిరుగుదారిలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. తల నా భుజం మీద వాలింది. నాకు ఆ రోజు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒక పెద్ద పని అయిపోయినట్టు, ఇక ఆయనకి ఏమీ కానట్టు. ఇంటికి వెళ్ళాక అమ్మ డబ్బాలో కొత్త బియ్యం పోసింది.

అది ఎన్నికల ఏడాదని మా ఎవరికీ తట్టలేదు. తట్టాల్సిన సంగతే. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలి. ప్రతిసారీ నాన్న అప్పగించినవాడే. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరూ పోయి ఎరగరు గనక, అదొక ఇబ్బందని ఎవరికీ తోచలేదు. తారీఖులు ప్రకటించిన కొద్ది రోజులకి కానిస్టేబుల్ వచ్చాడు. పక్క ఊరి కుర్రాడే, వరసకి మేనల్లుడవుతాడు. తూటాలు కూడా ఇచ్చెయ్యాలి మావా అన్నాడు. అమ్మ బియ్యంలోంచి ఒక్కొక్కటీ ఏరి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"మళ్ళీ ఎప్పుడిస్తారు?" అని అడిగాడు నాన్న.

"ఓట్లు లెక్కెట్టినాక మావా."

"ఐతే అందాకా నానుండాల," అన్నాడు నాన్న.

కానిస్టేబుల్ సరదాకి అన్నాడనుకుని నవ్వాడు. మేమెవరమూ నవ్వలేదు. ఆ ఏడాది మా ఓట్లు ముందే అయిపోయాయి, కానీ దేశమంతా అయ్యేదాకా లెక్కపెట్టరన్నారు. మధ్యలో ఎండలు ముదిరాయి. నాన్న నిజంగానే ఉండడానికి ప్రయత్నించాడు. అంతకుముందు మాత్రలు వెయ్యబోతే విసుక్కునే మనిషి, వేళకి తానే నోరు తెరిచేవాడు. చోడి అంబలి ఇంకొంచెం పొయ్యమనేవాడు. పొద్దున్నా సాయంత్రం తమ్ముడి భుజం పట్టుకుని వాకిట్లో నడిచేవాడు. టీవీ పెట్టమని, లెక్కింపు ఎప్పుడంటున్నారని అడిగేవాడు. ఏ పార్టీ గెలుస్తుందన్న ధ్యాస మాత్రం ఆయనకి లేదు. ఊళ్ళో వాళ్ళు పందేలు కాస్తుంటే మా నాన్న ఒక్కడూ తన ఊపిరి కూడబెట్టుకుంటున్నాడు. నేను ప్రతి ఆదివారం వెళ్ళి ఆయన ముఖం చూసేదాన్ని. బుగ్గలు లోపలికి పోతున్నాయి. నువ్వు ఉండగలవు నాన్నా అనేదాన్ని. నాకు నమ్మకం లేదు.

ఉండలేకపోయాడు. ఒక పొద్దున అమ్మ అంబలి కలిపి తెచ్చేసరికి మంచం మీద పక్కకి ఒరిగి ఉన్నాడు. లెక్కింపు ఇంకా రాలేదు.

నేను విజయనగరం నుంచి వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. తమ్ముడు లేడు. స్టేషనుకి వెళ్ళాడన్నారు. కాసేపటికి ఒట్టి చేతులతో తిరిగి వచ్చాడు. అక్కడి ఆఫీసరు మంచిగానే మాట్లాడాడట, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడట. లెక్కింపు అయ్యేదాకా ఒక్క తుపాకీ కూడా బయటికి ఇవ్వడానికి వీల్లేదట. పైగా మనిషి పోయాడు గనక లైసెన్సు కూడా పోయినట్టే, అయ్యాక కూడా అది మీ చేతికి రాదు అని నెమ్మదిగా చెప్పాడట. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? తప్పు లేదు గనకనే నాకు కోపం ఆగలేదు. ఎవరి మీద చూపించాలో తెలియక తమ్ముడి మీద అరిచాను. వాడు మాటలు పడ్డాడు.

టపాకాయలు తెస్తానన్నాడు ఒక పిన్నిగారి కొడుకు. గట్టి బాంబు ఒకటి పేలిస్తే చప్పుడు చప్పుడే కదా అన్నాడు. ఆ రోజుల్లో టపాకాయలు చుట్టుపక్కల ఊళ్ళలో రోజూ పేలుతూనే ఉన్నాయి, పెళ్ళిళ్ళకి కొన్ని, గెలిచేశామని ముందే సంబరపడేవాళ్ళవి కొన్ని. అమ్మ నాన్న తల దగ్గర కూచుని వింటోంది. టపాకాయలొద్దురా అని ఒక్క మాట అంది. ఇంకెవరూ ఆ సంగతి ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక తీసుకెళ్ళారు. వెనకాల తుపాకీ లేకుండా మా ఊళ్ళోంచి ఒక శవం వెళ్ళడం అదే మొదలు. తమ్ముడు కుండ పట్టుకుని ముందు నడిచాడు. మెట్ట మలుపు తిరిగేదాకా చూసి, మేం ఆడవాళ్ళం వీధిలోనే నిలబడ్డాం. తర్వాత ఎవరి అరుగుల మీద వాళ్ళు కూచున్నారు. పొద్దున్నించీ ఎవరింట్లోనూ ఏమీ వండలేదు. పిల్లలకి కొట్టులోంచి బన్నులూ బిస్కెట్లూ తెచ్చి పెట్టారు. ఎదురింటి వదిన మనవరాలు పాలకి ఏడుస్తోంది. గిన్నెలో పాలున్నాయి, వెచ్చబెట్టాలి.

పొద్దు వాలుతుండగా తమ్ముడి ఫోను వచ్చింది. నిప్పు పెట్టేశాం అప్పా అన్నాడు.  నేను అమ్మకి చెప్పాను. అమ్మ తల ఊపింది. ఎదురింటి వదిన దగ్గరికి వెళ్ళి, ఫోనొచ్చింది, పిల్లకి పాలు కాచి పట్టండి అన్నాను. విన్నాను అందావిడ. కానీ కదల్లేదు. పక్కింట్లోనూ అంతే. అందరికీ ఎవరో ఒకరి దగ్గర్నుంచి ఫోను వచ్చే ఉంటుంది. అందరి కళ్ళూ మెట్ట వైపే ఉన్నాయి. నాన్నకి నిప్పు పెట్టాక, చప్పుడు రాకుండా, ముందుగా పొయ్యి ముట్టించిన ఇల్లు తమది కాకూడదని ప్రతి ఒక్కరూ అనుకున్నట్టున్నారు. అది గౌరవమే. కానీ ఏడుపు వస్తూనే ఉంది ఆ పసిదానికి. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అందరూ తెలిసి తెలిసి రాని చప్పుడు కోసం కూచున్నారు, నేనూ కూచున్నాను. వస్తుందేమోనని నేను కూడా ఒకటి రెండుసార్లు చెవి ఒగ్గాను.

అప్పుడు అమ్మ లేచింది. భర్త పోయిన ఆడది పదోరోజు వెళ్ళేదాకా గడప దాటకూడదు మా దగ్గర. చుట్టూ ఉన్న ముసలమ్మలు ఆపబోయారు. అమ్మ వాళ్ళ చేతులు తీసేసి, గడప దాటి, అరుగు దిగి, వీధి నడుమకి వెళ్ళి నిలబడింది. ముఖాన బొట్టు ఇంకా ఉంది. అమ్మ ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినబడేలా అరిచింది.

"ఎలిపోనాడు. నిప్పెట్టీసినారు. పొయ్యిలు ముట్టించుకోండి."

ఎవరూ కదల్లేదు. అమ్మ ఇంకోసారి అరిచింది, గొంతు మధ్యలో చీలిపోయింది. ఎదురింటి వదిన ఒక్కసారిగా బోరుమని ఏడ్చి, లేచి లోపలికి వెళ్ళింది. తర్వాత ఒక్కో అరుగూ ఖాళీ అయింది. నేను వెళ్ళి అమ్మ భుజాల చుట్టూ చెయ్యి వేశాను.  లోపలికి రా, నువ్వు బయటికి రాకూడదు, జనం ఏమనుకుంటారు అన్నాను.

"పిల్లలు పస్తున్నారమ్మా," అంది. "మీ నాన్నుంటే ఇంతసేపు ఉంచీవోడా?"

ఎదురింట్లో పసిదాని ఏడుపు ఆగేదాకా అమ్మ అక్కడే నిలబడింది. ఆగాక నాతో లోపలికి వచ్చింది.